మ్యూటెంట్ వయల్ వచ్చిందా? దాని పేరెంటల్ ఏది?

జీనోమ్ వ్యాలీలో ఓ ల్యాబ్‌లో సెల్ కల్చర్ చూసుకుంటాను. కొత్తగా చేరిన పిల్లలు "అక్కా, మ్యూటెంట్ వయల్ వచ్చేసింది, రేపే మొదలుపెడతా" అంటారు. మ్యూటెంట్ వయల్ అంటే, ఒక జన్యువులో మార్పు చేసిన సెల్స్ ఉన్న చిన్న సీసా. దాని పేరెంటల్, అంటే ఆ మార్పు చేయని అసలు సెల్స్, ఏదని అడుగుతాను.

మేం ఎక్కువగా వాడేది ఎంసీఎఫ్-10ఏ. క్యాన్సర్ లేని రొమ్ము కణజాలం నుంచి వచ్చిన సెల్ లైన్ ఇది, అంటే ల్యాబ్‌లో పెంచుతూ వస్తున్న సెల్స్. దాని పీఐకే3సీఏ జన్యువులో ఒక అక్షరం మారిస్తే అది తయారుచేసే ప్రోటీన్‌లో 1047వ స్థానంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్ వస్తుంది. రొమ్ము క్యాన్సర్ రోగుల కణితుల్లో తరచూ కనిపించే మార్పే ఇది. మ్యూటెంట్‌లో ఏ తేడా కనిపించినా అది ఈ మార్పు వల్లే అనాలంటే, మార్చని సెల్స్ పక్కనే పెరుగుతుండాలి.

మే నెలలో పార్సిల్ వస్తే ముందు డ్రై ఐస్ ఎంత మిగిలిందో చూడండి. వయల్‌ని 37 డిగ్రీల నీళ్లలో మెల్లగా కదుపుతూ ఉండండి. కందిగింజంత మంచు మిగలగానే తీసేయండి. మీడియంలోకి (సెల్స్ పెరిగే పోషక ద్రవం) చుక్కచుక్కగా వదలండి. రెండు లైన్లనూ ఒకేరోజు తీయండి, మీడియంలో కలిపే హార్స్ సీరం (గుర్రపు రక్తం నుంచి తీసేది) కూడా ఒకే లాట్‌ది వాడండి.

ప్రయోగానికి ముందే చెరో పది వయల్స్ ఫ్రీజ్ చేసుకోండి. ఆ జన్యు భాగాన్ని సీక్వెన్స్ చేయించండి. ఒక కాపీ మాత్రమే మార్చిన లైన్ అయితే, సీక్వెన్స్ గ్రాఫ్‌లో జన్యువు 3140వ అక్షరం దగ్గర ఏ, జీ శిఖరాలు రెండూ ఒకదానిమీద ఒకటి కనిపించాలి. ఎస్‌టీఆర్ పరీక్ష, అంటే ఇవి ఏ లైన్ సెల్సో డీఎన్ఏతో తేల్చే పరీక్ష, మానకండి. రొమ్ము క్యాన్సర్ లైన్ అనుకుని ఏళ్ల తరబడి వాడిన ఎండీఏ-ఎంబీ-435 చివరికి మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) సెల్స్ అని తేలింది. కల్చర్‌లో కనిపించకుండా చేరే మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఒకసారి తెలిసినవాళ్లు ఇచ్చిన వయల్ కదా అని పరీక్ష చేయకుండా ఇంక్యుబేటర్‌లో పెట్టాను. మూడు నెలల పని పారబోయాల్సి వచ్చింది. ఆ రోజు ఏడ్చాను.

ఇక అసలు విషయం, ఈజీఎఫ్. సెల్స్‌ని పెరగమని చెప్పే ప్రోటీన్ (గ్రోత్ ఫ్యాక్టర్) ఇది. మామూలు మీడియంలో ఇది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు ఉంటుంది. అందులో రెండు లైన్లూ బాగానే పెరుగుతాయి, తేడా తెలియదు. "అక్కా, మ్యూటేషన్ పనిచేయట్లేదు" అని టెన్షన్ పడేది ఇక్కడే. ఈజీఎఫ్ తీసేసి చూడండి. సీరంలోనూ కొంత గ్రోత్ ఫ్యాక్టర్ ఉంటుంది కాబట్టి దాన్నీ తగ్గించండి. నాలుగైదు రోజులకు పేరెంటల్ సెల్స్ పలచగా, అక్కడక్కడా ఆగిపోయి ఉంటాయి. మ్యూటెంట్ ప్లేట్‌లో విభజన సాగుతూనే ఉంటుంది. మైక్రోస్కోప్ కింద ఆ రెండు ప్లేట్లూ పక్కపక్కన చూసిన పిల్లకి పేరెంటల్ ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఒకే క్లోన్‌ని మాత్రం నమ్మకండి. ఒక్క సెల్ నుంచి పెంచేటప్పుడు వేరే మార్పులూ చేరతాయి. విడివిడిగా తీసిన రెండు క్లోన్లలోనైనా అదే ఫలితం వస్తేనే గ్రాఫ్ గీయండి.