బండి ఎక్కడ వేడెక్కుతోంది, సిగ్నల్ దగ్గరా ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదా?

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్‌లో మూసాపేట నుంచి అమీర్‌పేట వెళ్తున్నాను. భరత్‌నగర్ ఫ్లైఓవర్ దిగి ఎర్రగడ్డ ట్రాఫిక్‌లో ఇరుక్కోగానే ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. బండి నాలుగడుగులు కదిలితే చల్లగాలి, ఆగితే మళ్లీ ఉక్క. ఏసీలో గ్యాస్ తగ్గిందేమో అనుకున్నాను. ఇంకో రెండు సిగ్నళ్లు దాటేసరికి డ్యాష్‌బోర్డులో ఎర్ర థర్మామీటర్ బొమ్మ వెలిగింది.

మాది పన్నెండేళ్ల నాటి చిన్న పెట్రోలు కారు. దానికి టెంపరేచర్ ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు, అంతే. ముల్లున్న బండైతే అది సగం దాటి పైకి పాకుతుంటే ముందే తెలుస్తుంది. మాలాంటి బండికి ఎర్ర లైటు వెలిగిందంటే ఇంక ఆలోచించే టైం లేదన్నట్టే. ఇల్లు రెండు కిలోమీటర్లేగా అని లాగిస్తే ఇంజిన్ హెడ్ (పైభాగం) వంగిపోతుంది. నాలుగొందలతో పోయేది నలభై వేల దాకా పోతుంది.

ఏసీ ఆపేసి, హీటర్ ఫుల్లుగా తిప్పి, నాలుగు అద్దాలూ దించాను. మే ఎండలో హీటర్ వేసుకుని కూర్చున్న మనిషిని పక్క ఆటో ఆయన ఎలా చూశాడో చెప్పక్కర్లేదు. కానీ ఆ హీటర్ లోపల ఉన్నది కూడా ఒక బుల్లి రేడియేటరే, అంటే వేడిని గాలిలోకి వదిలే గొట్టాల జాలీ. ఇంజిన్ వేడిని కొంత మన మీదికి లాగేస్తుంది. అలా మెట్రో లైను నీడ దాకా వచ్చి ఇంజిన్ ఆపేశాను.

టిఫిన్ బండి ఆయన మగ్గుతో నీళ్లు తెచ్చాడు. "మూత తియ్యండి మేడమ్, పోసేద్దాం." మంచి మనిషే, కానీ వద్దన్నాను. మా నాయిన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆయన కుడి ముంజేతి మీద అరచెయ్యంత మచ్చ ఉండేది. ఎవరిదో వ్యాను రేడియేటర్ మూత వేడి మీద తిప్పినందుకు వచ్చిన మచ్చ అది. "సల్లబడినంక ముట్టుకో బిడ్డా" అని నాకు పదిసార్లయినా చెప్పుంటాడు.

ప్రెషర్ కుక్కర్ తెలిసినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి ఇక్కడ మామూలు నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజిన్ నడిచేదే 90 డిగ్రీల పైన. అందుకే రేడియేటర్ మూతకి స్ప్రింగు పెట్టి లోపల ప్రెషర్ నిలబెడతారు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది, అది ఎన్ని బార్ల ప్రెషర్ ఆపుతుందో చెప్పే అంకె. ఆ ప్రెషర్‌లో నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పారంటే ప్రెషర్ ఒక్కసారిగా పోయి, లోపలున్నది భళ్లున మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి తంతుంది. గంటసేపు ఆగండి. పై హోస్ పైపుని గుడ్డతో నొక్కితే మెత్తగా, చేతికి ఓర్చుకునేలా ఉంటేనే మూత జోలికి వెళ్లండి.

ఈలోగా ఒక్క ప్రశ్న వేసుకోవాలి. బండి ఎప్పుడు వేడెక్కింది? ఆగి ఉన్నప్పుడా, పరుగెత్తేటప్పుడా? మా వీధి చివరి మెకానిక్ ఆ మాటే అడగలేదు. బానెట్ ఎత్తి చూసి "హెడ్ గాస్కెట్ పోయిందక్కా, బండి వదిలెయ్" అన్నాడు. ఇంజిన్ హెడ్‌కీ దాని కింది భాగానికీ మధ్య ఉండే సీలు అది. నేను వదల్లేదు.

సిగ్నల్ దగ్గర వేడెక్కి, రోడ్డు ఖాళీగా ఉంటే మామూలైపోతే ముందుగా అనుమానించాల్సింది ఫ్యానుని. బండి కదిలితే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే దిక్కు. ఆగినప్పుడల్లా ఏసీ చల్లదనం పోవడం కూడా దీనికి సాక్ష్యమే. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఆ రేడియేటర్ ముందే ఉంటుంది, దానికీ అదే గాలి కావాలి. నాకు ఎర్రగడ్డలోనే జవాబు దొరికింది, నేనే గ్యాస్ అనుకున్నాను.

అదే ఓఆర్ఆర్ మీద వందలో వెళ్తుంటే వేడెక్కుతోందనుకోండి, ఫ్యాను మీద అనుమానం వద్దు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరుస్తూ తిరిగే ద్రవం) తగ్గి ఉండాలి, రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి, లేదా థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కి దారి తెరిచే వాల్వు) సరిగా తెరుచుకోకో, వాటర్ పంపు అరిగో కూలెంట్ తిరగడం లేదనుకోవాలి.

ఫ్యాను చూడటం తేలిక. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వెయ్యండి. చాలా చిన్న బళ్లలో నిమిషంలోపే ఫ్యాను తిరగాలి. చున్నీ, జడ, చేతులు దూరంగా ఉంచండి. కొన్ని బళ్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. తిరగలేదా, ఇంజిన్ ఆపి ఫ్యూజ్ డబ్బా మూత తీయండి. మూత లోపలి వైపు ఏది ఎక్కడుందో బొమ్మ ఉంటుంది. ఫ్యాను ఫ్యూజ్ బాగుంటే, ఫ్యాను రిలే (ఫ్యానుకి కరెంటు కలిపే చిన్న స్విచ్చు డబ్బీ) పీకి, అదే నంబరున్న హారన్ రిలేని దాని స్థానంలో పెట్టండి. నేను అలా పెట్టి ఏసీ వేయగానే ఫ్యాను గిర్రున తిరిగింది. పాత రిలే కాళ్లలో ఒకటి నల్లగా మాడి, ప్లాస్టిక్ కాస్త కరిగి ఉంది. రాణిగంజ్‌లో కొత్తది నాలుగొందల లోపే దొరికింది. సాకెట్ కూడా కరిగి ఉంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త రిలే కూడా మాడుతుంది. రిలే మార్చినా తిరగకపోతే ఫ్యాను ప్లగ్గు ఊడదీసి, మధ్యలో ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటివ్వండి. అప్పుడు తిరిగితే తప్పు వైరింగ్‌లోనో సెన్సర్‌లోనో ఉంది, తిరగకపోతే మోటారే పోయింది.

కూలెంట్ సంగతికొస్తే, రేడియేటర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బా చూసి మోసపోవద్దు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కితే కూలెంట్ ఉబ్బి మూత దాటి డబ్బాలోకి వెళ్తుంది, చల్లారితే వెనక్కి పీల్చుకుంటుంది. మూత కింది రబ్బరు గట్టిపడిందంటే కూలెంట్ బదులు గాలి పీల్చుకుంటుంది. పొద్దున్నే రేడియేటర్ మూత తీసి, కూలెంట్ అంచు దాకా ఉందో లేదో చూడండి. రబ్బరు పగిలుంటే అదే అంకె ఉన్న కొత్త మూత కొనండి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉంచితే లీకు కూడా బయటపడుతుంది. రంగూ రుచీ లేని నీళ్లు ఏసీవి, టెన్షన్ వద్దు (రుచి చూడమని కాదు, కూలెంట్ విషం). ఆకుపచ్చో ఎరుపో చుక్కలుంటే, హోస్ క్లిప్పుల దగ్గర తెల్లగా ఎండిన చార ఉంటే లీకు అక్కడే. ప్రెషర్ నిలబెట్టే మూత డబ్బాకే ఉండే బళ్లలో రేడియేటర్‌కి వేరే మూత ఉండదు, డబ్బానే చూడాలి.

థర్మోస్టాట్‌ని వంటింట్లోనే పరీక్షించొచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కినా పై హోస్ కాలిపోతూ కింది హోస్ చల్లగానే ఉంటే అది తెరుచుకోవడం లేదేమో. విప్పి, మళ్లీ వంటకు వాడని గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచండి. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది. ఆ వేడి దగ్గర మధ్యలో ఉన్న పళ్లెం మెల్లగా పైకి లేవాలి. నీళ్లు కుతకుతలాడుతున్నా కదలకపోతే పారేయండి. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, తీసేస్తే సరిపోద్ది" అనే సలహా మాత్రం వినొద్దు. ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రేడియేటర్ బయట దుమ్మూ, పురుగులూ పట్టి ఉంటే పైపు నీళ్లు ఇంజిన్ వైపు నుంచి ముందుకి మెల్లగా కొట్టండి. సర్వీసింగ్ సెంటర్లో వాడే ప్రెషర్ గన్ వద్దు, రేకులు వంగిపోతాయి. లోపలి పూడిక మాత్రం చాలావరకు మన చేతులారా చేసుకున్నదే. గీజర్ రాడ్‌కి పట్టే తెల్ల పొర చూశారుగా? బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సన్న గొట్టాల్లో పట్టేది అదే. డిస్టిల్డ్ వాటర్, కాన్సంట్రేట్ కూలెంట్ సగం సగం కలిపి పోయండి. "రెడీ టు యూజ్" అన్నదాంట్లో నీళ్లు కలపొద్దు. పాత దాంట్లో వేరే రకం కలపకండి, ఏ రకమో బండి పుస్తకంలో ఉంటుంది. తీసిన పాత కూలెంట్‌ని కాలువలో పోయకండి, తియ్యగా ఉంటుందని వీధికుక్కలు తాగి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇచ్చేయండి.

ఇక మెకానిక్ చెప్పిన హెడ్ గాస్కెట్. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తోందా? డిప్‌స్టిక్ (ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందా? లీకేమీ కనబడకుండా కూలెంట్ తగ్గుతోందా? చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే హోస్‌లు రాయిలా బిగుసుకుంటున్నాయా? ఇవి కనిపిస్తే ఇంట్లో చేసేదేమీ లేదు, నడపకుండా టో చేయించండి. వానాకాలంలో దగ్గర దగ్గర తిరిగే బండికి ఆయిల్ మూత కింద మాత్రమే మీగడలాంటిది కనబడితే అది తేమ కావచ్చు. డిప్‌స్టిక్ చూడకుండా ఖర్చుకి ఒప్పుకోవద్దు.

కూలెంట్ నింపేటప్పుడు బండి ముందు వైపు కాస్త ఎత్తులో ఉండాలి. చల్లటి ఇంజిన్‌కి మూత తీసి, హీటర్ వేడి వైపు తిప్పి మెల్లగా పోస్తూ, పై హోస్‌ని పిసుకుతూ ఉండండి. గుడుగుడుమని గాలి బయటికి వస్తుంది. స్టార్ట్ చేసి, బండి కదపకుండా, బుడగలు తగ్గేదాకా ఇంజిన్‌ని మెల్లగా నడవనిచ్చి, కూలెంట్ పైకి పొంగడం మొదలవ్వకముందే మూత బిగించేయండి. రిలే మార్చాక నేనూ కూలెంట్ అలాగే నింపి, ఆ సాయంత్రం మళ్లీ ఎర్రగడ్డ రైతుబజార్ దాకా ఏసీ వేసుకుని వెళ్లాను. నీలం లైటు ఆరింది, ఎర్రది వెలగలేదు. సిగ్నల్ దగ్గర ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగింది. మర్నాడు పొద్దున రేడియేటర్‌లో కూలెంట్ వేలు మందం తగ్గింది, లోపల మిగిలిన గాలి అది. పోసి నింపాను. వారం తర్వాత చూస్తే అంచు దాకా అలాగే ఉంది.