కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో ఏ కాన్ఫరెన్స్‌కు ఎన్ని సీట్లు వెళ్తాయో నోటుబుక్కులో లెక్కగట్టుకునే పద్ధతి

అమెరికాలో బ్లూమింగ్టన్‌లోని ఇండియానా యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్న మా మేనల్లుడు 2025 డిసెంబరు 7, ఆదివారం రాత్రి పదకొండు గంటలకు హనుమకొండలోని మా అక్కకు ఫోన్ చేసి, తమ కాలేజీకి ఒకటో నంబరు సీటు వచ్చిందని కేకవేసి మరీ చెప్పాడు. ఉన్న చదువు పూర్తికాకముందే మళ్లీ సీటేమిటని ఆమె కంగారుపడి నన్ను అడిగింది. అది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్‌లో సీటు అని ఆమెకు వివరించడానికి నేను ఒక కాగితం మీద వేసిన లెక్కనే ఇక్కడ విస్తరించి రాస్తున్నాను. పిల్లలను అక్కడికి పంపిన ఇళ్లు మన వైపు తక్కువేమీ కావు కనుక ఇది మరికొందరికి కూడా ఉపయోగపడవచ్చు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం మైదానంలో కాలితో ఆడే ఆట కాదు. హెల్మెట్లు, భుజాల కవచాలు ధరించి, కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. కాలేజీల అత్యున్నత విభాగంలో 2025 సీజన్‌లో 136 జట్లు ఉన్నాయి. ఐపీఎల్‌లో పది జట్లను ఒకే పట్టికలో పెట్టి, పాయింట్లను, నెట్ రన్‌రేట్‌ను చూసి మొదటి నాలుగింటిని ప్లేఆఫ్‌కు పంపుతారు కాబట్టి అక్కడ ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. 136 జట్లలో ఒక్కొక్కటి సీజన్‌లో సాధారణంగా 12 ఆటలే ఆడుతుంది కనుక ఏ రెండు జట్లను తీసుకున్నా అవి ఒకదానితో ఒకటి ఆడి ఉండే అవకాశం చాలా తక్కువ. పాయింట్ల పట్టికతో తేలని ఈ విషయాన్ని తేల్చడానికే ఒక కమిటీ పుట్టింది, సీట్ల పంపకం చుట్టూ తగాదాలన్నీ కూడా అక్కడి నుంచే పుట్టాయి.

ఈ జట్లు కాన్ఫరెన్స్‌లు అనే కూటములుగా విడిపోయి ఉంటాయి. పేర్లను చూసి లెక్క వేయకూడదు: బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో 18 జట్లు, బిగ్ 12లో 16 జట్లు ఉన్నాయి. ఎస్ఈసీ (సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్)లో 16, ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో ఫుట్‌బాల్ ఆడేవి 17. ఈ నాలుగూ పెద్ద కాన్ఫరెన్స్‌లు. అమెరికన్, మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్, మిడ్ అమెరికన్, కాన్ఫరెన్స్ యూఎస్ఏ అనేవి చిన్నవిగా లెక్కకు వస్తాయి. ఒకప్పుడు పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఒకటైన పాక్ 12లో సభ్యులు వలసపోగా 2024, 2025 సీజన్లలో రెండే జట్లు మిగిలాయి. నోటర్ డేమ్ మాత్రం ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేరకుండా ఒంటరిగా ఉంటుంది. ఈ జట్టు పేరును గుర్తుపెట్టుకోవాలి, లెక్క చివరిలో మళ్లీ అవసరం పడుతుంది.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక అపోహను తొలగించుకోవాలి. ఎన్ఐటీ వరంగల్‌లో సగం సీట్లు మన రాష్ట్రం వారికి, సగం బయటి రాష్ట్రాల వారికి అని ముందే గీత గీసినట్టు, ఈ ప్లేఆఫ్‌లో బిగ్ టెన్‌కు ఇన్ని, ఎస్ఈసీకి ఇన్ని అని ఎవరూ గీత గీయలేదు. పన్నెండు జట్ల పద్ధతి 2024 సీజన్‌తో మొదలైంది. ఆ సీజన్‌లోనూ 2025లోనూ నియమం ఇంతే: కాన్ఫరెన్స్ చాంపియన్లలో ర్యాంకు ప్రకారం మెరుగైన ఐదు జట్లకు ఐదు సీట్లు, మిగిలిన ఏడు సీట్లు ఏ కాన్ఫరెన్స్ అని చూడకుండా ర్యాంకు క్రమంలో వచ్చే తర్వాతి ఏడు జట్లకు. ఆ ఐదుగురు చాంపియన్లు ఏ కాన్ఫరెన్స్‌ల వారై ఉండాలో నియమంలో రాయలేదు.

ఇప్పుడు నోటుబుక్కు తీసి కమిటీ విడుదల చేసే తుది 25 ర్యాంకుల జాబితాను నిలువుగా రాసుకోవాలి. ఈ జాబితా నవంబరు మొదటి వారాల నుంచి వారం వారం అమెరికాలో మంగళవారం రాత్రి వస్తుంది, అంటే మనకు బుధవారం తెల్లవారుజాము. తుది జాబితా మాత్రం డిసెంబరు తొలి ఆదివారాల్లో అక్కడి మధ్యాహ్నం, మనకు రాత్రి పదిన్నర ప్రాంతంలో వస్తుంది. దానికి ముందురోజుకల్లా దాదాపు అన్ని కాన్ఫరెన్స్‌ల టైటిల్ పోటీలు ముగుస్తాయి కనుక చాంపియన్లు ఎవరో తెలిసిపోతుంది. జాబితాలో చాంపియన్ల పేర్ల చుట్టూ సున్నా చుట్టి, పైనుంచి కిందికి వస్తూ మొదటి ఐదు సున్నాలను లెక్కపెట్టి పక్కన పెట్టాలి. తర్వాత సున్నా లేని పేర్లను పైనుంచి ఏడు తీసుకోవాలి.

2025 జాబితాను ఇలా రాస్తే మొదటి పన్నెండు స్థానాల్లో వరుసగా ఇండియానా, ఒహాయో స్టేట్, జార్జియా, టెక్సస్ టెక్, ఆరెగన్, ఓలె మిస్, టెక్సస్ ఎ అండ్ ఎం, ఒక్లహోమా, అలబామా, మయామి, నోటర్ డేమ్, బ్రిగమ్ యంగ్ ఉన్నాయి. సున్నాలు చుట్టితే ఈ పన్నెండింటిలో మూడే తేలతాయి: బిగ్ టెన్ చాంపియన్ ఇండియానా, ఎస్ఈసీ చాంపియన్ జార్జియా, బిగ్ 12 చాంపియన్ టెక్సస్ టెక్. నాలుగో సున్నా కోసం 20వ స్థానం దాకా దిగాలి; అక్కడ అమెరికన్ కాన్ఫరెన్స్ చాంపియన్ టులేన్ ఉంది. ఐదోది 24వ స్థానంలో ఉన్న సన్ బెల్ట్ చాంపియన్ జేమ్స్ మాడిసన్. ఇక సున్నా లేని ఏడు పేర్లను పైనుంచి ఏరితే ఒహాయో స్టేట్, ఆరెగన్, ఓలె మిస్, టెక్సస్ ఎ అండ్ ఎం, ఒక్లహోమా, అలబామా, మయామి వస్తాయి, సీట్లు అక్కడితో అయిపోతాయి. కాన్ఫరెన్స్‌ల వారీగా కూడితే ఎస్ఈసీకి 5, బిగ్ టెన్‌కు 3, బిగ్ 12, ఏసీసీ, అమెరికన్, సన్ బెల్ట్‌లకు ఒక్కొక్కటి. పదకొండో ర్యాంకు నోటర్ డేమ్, పన్నెండో ర్యాంకు బ్రిగమ్ యంగ్ ఇంటి దగ్గరే ఉండిపోయాయి.

మన ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అలవాటున్న వారు ఇక్కడే పొరపడతారు. మన దగ్గర రిజర్వేషన్ ఉన్న విద్యార్థి ర్యాంకుతోనే ఓపెన్ సీటు తెచ్చుకుంటే ఆ సీటును కోటాలో లెక్కించరు. కోటా సీటు అలాగే మరొకరి కోసం మిగులుతుంది. ప్లేఆఫ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. ఒకటో ర్యాంకు తెచ్చుకున్న ఇండియానాకు ఎవరి దయా అవసరం లేకపోయినా, చాంపియన్ కాబట్టి ఐదులో ఒకటిగానే లెక్కించారు. అందువల్ల ఐదుగురు చాంపియన్లూ మొదటి పన్నెండు ర్యాంకుల్లోనే ఉంటే ఈ నియమం ఉన్నా లేకున్నా ఫలితం ఒకటే. పన్నెండు దాటి ఎందరు చాంపియన్లు ఉంటే, పైనున్న అన్ని జట్లు బయటికి పోతాయి. 2025లో ఇద్దరు, 2024లో ఒక్కరు. 2024లో 16వ ర్యాంకులో ఉన్న ఏసీసీ చాంపియన్ క్లెమ్సన్ లోపలికి రాగా 11వ ర్యాంకులోని అలబామా సీటు పోగొట్టుకుంది. నియమం ఎవరికి మేలు చేసిందో చూడాలంటే పన్నెండో పేరు కింద ఒక అడ్డగీత గీసి, గీత కింద ఉన్న సున్నాలను మాత్రం చూస్తే సరిపోతుంది.

2025లో అందరినీ తికమక పెట్టింది ఏసీసీ. ఆ కాన్ఫరెన్స్ టైటిల్ పోటీలో డ్యూక్ 27–20తో వర్జీనియాను ఓడించి చాంపియన్ అయింది, కానీ అప్పటికి దాని రికార్డు 8 గెలుపులు, 5 ఓటములు. 25 ర్యాంకుల జాబితాలో దాని పేరే లేదు. దాంతో ఒక పెద్ద కాన్ఫరెన్స్ చాంపియన్ బయట ఉండి, రెండు చిన్న కాన్ఫరెన్స్‌ల చాంపియన్లు లోపలికి వచ్చారు. ఆ రాత్రి వర్జీనియా గెలిచి ఉంటే జేమ్స్ మాడిసన్‌కు చోటు దక్కేది కాదు. అయినా ఏసీసీ ఖాతాలో ఒక సీటు పడింది, ఎందుకంటే ఆ కాన్ఫరెన్స్‌కే చెందిన మయామి టైటిల్ పోటీ దాకా కూడా వెళ్లకుండానే పదో ర్యాంకుతో ఓపెన్ సీటు తెచ్చుకుంది. కాన్ఫరెన్స్ గెలిచిన జట్టు బయట, గెలవని జట్టు లోపల అన్న మాట వినడానికి వింతగా ఉన్నా, పై లెక్కను పట్టుకుని చూస్తే అందులో తప్పేమీ లేదు.

లెక్క ఇంత సులువైతే తగువంతా ఎక్కడ అంటే ర్యాంకుల దగ్గర. కమిటీలో సాధారణంగా 13 మంది ఉంటారు: కాలేజీల క్రీడా విభాగాల డైరెక్టర్లు, మాజీ కోచ్‌లు, మాజీ ఆటగాళ్లు వంటివారు. తమతో సంబంధం ఉన్న కాలేజీ చర్చకు వచ్చినప్పుడు ఆ సభ్యుడు పక్కకు తప్పుకోవాలి. ఎంత బలమైన ప్రత్యర్థులతో ఆడారు, ఇద్దరూ ఒకరితో ఒకరు ఆడితే ఎవరు గెలిచారు, ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఎలా ఆడారు అన్నవి చూస్తారు గానీ, దేనికి ఎన్ని మార్కులన్న సూత్రం లేదు. మయామి, నోటర్ డేమ్‌ల సంగతే చూడండి. సీజన్ మొదట్లోనే మయామి 27–24తో నోటర్ డేమ్‌ను ఓడించింది. అయినా తుది జాబితాకు ముందు వారం నోటర్ డేమ్ 10లో, బ్రిగమ్ యంగ్ 11లో, మయామి 12లో ఉన్నాయి. చివరి శనివారం మయామి గానీ నోటర్ డేమ్ గానీ ఆడలేదు. బ్రిగమ్ యంగ్ 34–7తో టెక్సస్ టెక్ చేతిలో ఓడి కిందికి జారగా, ఆ రెండు జట్లూ పక్కపక్కకు వచ్చాయి; అప్పుడు కమిటీ వాటి మధ్య జరిగిన ఆటను గుర్తుచేసుకుని మయామిని పైకి తెచ్చింది. నిర్ణయం న్యాయమైనదే అని నా అభిప్రాయం, కానీ ఆగస్టులో జరిగిన ఆట డిసెంబరులో గుర్తుకు రావడమేమిటని నోటర్ డేమ్ అభిమానులు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం. ఆ జట్టు ఆ తర్వాత ప్లేఆఫ్‌కు బయట సీజన్ చివర జరిగే బౌల్ ఆట ఏదీ ఆడబోమని ప్రకటించి సీజన్‌ను ముగించుకుంది.

సీట్లు తేలాక వరుస నంబర్లు ఇవ్వాలి. 2024లో మొదటి నాలుగు నంబర్లు, వాటితోపాటు మొదటి రౌండు ఆడనక్కరలేని సౌకర్యం, చాంపియన్లకే ఇచ్చారు; అందువల్ల తొమ్మిదో ర్యాంకు బోయిసీ స్టేట్ మూడో నంబరుకు, పన్నెండో ర్యాంకు అరిజోనా స్టేట్ నాలుగో నంబరుకు ఎగబాకాయి. ఆ నాలుగు జట్లూ తమ తొలి ఆటలోనే ఓడిపోయాయి. 2025 నుంచి ఆ పద్ధతి తీసేసి నేరుగా ర్యాంకు ప్రకారమే నంబర్లు ఇస్తున్నారు. 5 నుంచి 12 వరకు ఉన్నవారు మెరుగైన నంబరున్న జట్టు సొంత మైదానంలో మొదటి రౌండు ఆడతారు: 5తో 12, 6తో 11, 7తో 10, 8తో 9.

పాత సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే, 2014 నుంచి 2023 వరకు నాలుగే సీట్లు. అప్పుడు పెద్ద కాన్ఫరెన్స్‌లు ఐదు కనుక ప్రతి ఏడూ కనీసం ఒకదానికి మొండిచెయ్యే. 2023లో 13 ఆటలూ గెలిచిన ఏసీసీ చాంపియన్ ఫ్లోరిడా స్టేట్‌ను, జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడని పక్కనపెట్టారు. చిన్న కాన్ఫరెన్స్‌ల నుంచి ఆ పదేళ్లలో చోటు దక్కింది 2021లో సిన్సినాటికి ఒక్కదానికే.

సీటు వెంట డబ్బు కూడా వెళ్తుంది. 2024 సీజన్‌లో ఒక జట్టు ప్లేఆఫ్‌కు ఎంపికైతే దాని కాన్ఫరెన్స్‌కు 40 లక్షల డాలర్లు, క్వార్టర్ ఫైనల్ చేరితే మరో 40 లక్షలు ముట్టాయి. అందుకే మన ఎన్ఐటీలో ఉన్నట్టు ముందే గీత గీయాలన్న ఆలోచనను 2025లో బిగ్ టెన్ బలంగా ముందుకు తెచ్చింది: మొత్తం 16 సీట్లు చేసి, బిగ్ టెన్‌కు, ఎస్ఈసీకి నాలుగేసి, ఏసీసీకి, బిగ్ 12కు రెండేసి, చిన్నవాటన్నిటికీ కలిపి ఒకటి, ఓపెన్‌గా మూడు. దానిపై ఒప్పందం కుదరక 2026లోనూ పన్నెండే ఉంచారు.

అయితే 2026 లెక్కకు నోటుబుక్కులో రెండు మార్పులు చేసుకోవాలి. నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌ల చాంపియన్లకు ర్యాంకు ఏదైనా సీటు ఖాయం. ఐదో సీటు మిగతా కాన్ఫరెన్స్‌ల చాంపియన్లలో ఎక్కువ ర్యాంకు ఉన్నవారికి. రెండోది, నోటర్ డేమ్ మొదటి పన్నెండు ర్యాంకుల్లో ఉంటే దానికీ సీటు ఖాయం. ఈ కొత్త నియమాన్ని 2025 జాబితా మీద వేసి చూస్తే జేమ్స్ మాడిసన్ పోయి, ర్యాంకే లేని డ్యూక్ వస్తుంది. పదకొండో ర్యాంకు నోటర్ డేమ్‌కు చోటు చూపించడానికి ఓపెన్ సీట్ల వరుసలో చివరనున్న జట్టును తప్పించాలి. ఆ జట్టు మయామి. నిజంగా జరిగిన ప్లేఆఫ్‌లో అదే మయామి టెక్సస్ ఎ అండ్ ఎంను, ఒహాయో స్టేట్‌ను, ఓలె మిస్‌ను వరుసగా ఓడించి, మనకు 2026 జనవరి 20 మంగళవారం ఉదయం జరిగిన ఫైనల్‌లో మా మేనల్లుడి ఇండియానాతో 27–21 తేడాతో ఓడిపోయింది.