దసరాకు ముందు కారు పాలిష్ కొట్టిస్తున్నారా? ఇవి చూసుకోండి

దసరా దగ్గరపడేకొద్దీ తిరుపతిలో కార్ల పాలిష్ షాపులకు ఊపిరి సలపదు. ఆయుధ పూజ నాటికి బండి తళతళలాడాలని ఊరందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. మామూలు రోజుల్లో ఒక్క కారు మీద రోజంతా కూర్చునే షాపతను ఆ వారంలో మూడు నాలుగు కార్లు ఒప్పుకుంటాడు. టైము చాలదు కాబట్టి మెషిన్ స్పీడు పెంచుతాడు, గరుకు కాంపౌండ్ (పెయింటును అరగదీసే ముద్ద) బయటికి తీస్తాడు. సాయంత్రానికి బండి మెరుస్తూనే ఇంటికి వస్తుంది. పెయింటు ఎంత అరిగిందో మాత్రం బిల్లులో ఉండదు.

పోనీ పండగ అయ్యాక చూద్దామంటే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. బురదనీళ్లలో తిరిగే బండికి అప్పుడు పాలిష్ కొట్టించినా దండగే. పండగకు మూడు నాలుగు వారాల ముందు, షాపులో రద్దీ లేనప్పుడు తీసుకెళ్లడమే మంచిది.

పాలిష్ కొట్టించేది ముఖ్యంగా బండి మీద పడ్డ సన్నటి గీతలు పోవాలనే. అసలు ఆ గీతలేమిటో ముందు చూద్దాం. ఎండలో నిలబెట్టిన కారు బానెట్ మీద, సూర్యుడి మెరుపు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి కదా, వాటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. నలుపు, ముదురు నీలం కార్ల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తెలుపు, సిల్వర్ కార్ల మీద కూడా ఉంటాయి, కంటికి ఆనవు, అంతే. చూడటానికి గుండ్రంగా ఉన్నా నిజానికి అవి నలుదిక్కులా అడ్డదిడ్డంగా పడ్డ గీతలు. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి ఆ వెలుగు చుట్టూ గుండ్రంగా తిరిగినట్టు అనిపిస్తుంది. రాత్రిపూట ఫోన్ టార్చ్ వేసి మెల్లగా జరిపి చూడండి, ఆ గుండ్రం కూడా దాంతోపాటే జరుగుతుంది.

ఈ గీతలు పడేది రంగు మీద కాదు, రంగు పైన ఉండే క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర మీద. మామూలుగా దాని మందం 35 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే వెంట్రుక మందం కూడా లేని పొర అది. పాలిష్ ఆ గీతల్ని పూడ్చదు. గీత ఎంత లోతుందో అంత మేర చుట్టుపక్కల పొరను అరగదీసి సమం చేస్తుంది. చేయి తిరిగినవాడు ఒకటి రెండు మైక్రాన్లతో పని ముగిస్తాడు. మెషిన్‌కు ఉన్ని ప్యాడ్ వేసి గరుకు కాంపౌండ్‌తో గట్టిగా నొక్కి తోమితే అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఈ పొరే. అది మరీ పలచబడితే కొన్నాళ్లకు బానెట్ మీద, రూఫ్ మీద తెల్లగా మచ్చలు వచ్చి పొట్టు లేస్తుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లో ఆ ముచ్చట ఇంకా తొందరగా వస్తుంది. అప్పుడు పాలిష్ పనికిరాదు, మళ్లీ పెయింటే.

అందుకే నేను చెప్పేది, ప్రతి గీతా పోవాలనే పట్టుదల వద్దు. దూరం నుంచి చూస్తే కనిపించకపోతే చాలనుకోండి. గోరుతో అడ్డంగా గీసి చూసినప్పుడు గోరు తట్టుకుంటే అది లోతైన గీత. దాన్ని పాలిష్‌తో తీయబోతే గీతకంటే ముందు క్లియర్ కోట్ పోతుంది. షాపతను "అది కూడా తీసేస్తాలే సార్" అంటే, వద్దని చెప్పండి.

బండి ఇచ్చే ముందు

షాపుకు వెళ్లేముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీ కారు రోజూ తుడిచేది ఎవరు, దేంతో? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పొద్దున్నే ఒకే పొడిగుడ్డతో పది కార్లు తుడుస్తుంటే మీరు ఎంత ఖర్చుపెట్టినా రెండు నెలల్లో గీతలు మళ్లీ ప్రత్యక్షం. మన ఎర్రమట్టిలోనూ, చిత్తూరు వైపు గ్రానైట్ కోసే చోట ఎగిరే పొడిలోనూ క్వార్ట్జ్ రేణువులుంటాయి. గాజునే గీయగలవి అవి, క్లియర్ కోట్ ఒక లెక్కా! దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే ఆ రేణువుల్ని మనమే పెయింటు మీద ఈడ్చినట్టు. వాచ్‌మన్‌ను తప్పుపట్టి లాభం లేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. వారానికి రెండుసార్లు నీళ్లతో కడగమని చెప్పి, పొడిగుడ్డ మానిపించండి. నెలకు ఇంకో వంద ఎక్కువిచ్చినా మీకే లాభం.

కారు కవర్‌దీ అదే కథ. దుమ్ము పట్టిన కారు మీద కవర్ కప్పితే, గాలికి అది అల్లాడినంతసేపూ గీతలు పడుతూనే ఉంటాయి. కడిగి ఆరబెట్టిన కారు మీదే కవర్ వేయాలి, లేకుంటే వేయకపోవడమే మేలు. మామిడి పూత కాలంలో చెట్టు కింద పార్క్ చేసేవాళ్లకు తేనెమంచు జిగురు సంగతి తెలిసే ఉంటుంది. దాన్ని పొడిగా గోకి తీయబోయి బానెట్ పాడుచేసుకున్నవాళ్లు చిత్తూరు జిల్లాలో తక్కువేం కాదు. తడిగుడ్డ కప్పి కాసేపు నాననిస్తే అదే వదులుతుంది.

ఇక కొన్ని బండ్లకు అసలు మెషినే పెట్టకూడదు. మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని పెయింటు) కారుకు పాలిష్ కొడితే అక్కడక్కడా మెరిసి మచ్చలు పడుతుంది, దాన్ని వెనక్కి తేలేం. పైన పీపీఎఫ్ (పెయింటును కాపాడే పారదర్శకమైన ఫిల్మ్) గానీ స్టిక్కర్ ర్యాప్ గానీ ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. ఇదివరకు సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద గట్టిపడే రక్షణ పూత) వేయించి ఉంటే పాలిష్‌తో అదీ పోతుంది, మళ్లీ వేయించే ఖర్చు లెక్కలో పెట్టుకోండి. పాత మోడల్ బండ్లలో కొన్నిటికి క్లియర్ కోట్ ఉండదు. కనపడని మూల తెల్లగుడ్డ మీద కొంచెం పాలిష్ వేసి రుద్ది చూస్తే తెలిసిపోతుంది. గుడ్డకు కారు రంగు అంటితే క్లియర్ కోట్ లేనట్టే, రుద్దేది నేరుగా రంగునే. ఈమధ్యే డెంటింగ్, పెయింటింగ్ అయిన డోరు, ఫెండర్ ఏవైనా ఉంటే, పెయింట్ వేసినతను సరేనన్నాకే వాటి జోలికి వెళ్లాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే పెయింట్ మందం కొలిచే మీటర్ ఉన్న షాపుకే వెళ్లండి. అది పెయింట్ మొత్తం మందం చూపిస్తుందే తప్ప క్లియర్ కోట్ ఒక్కదాన్నీ విడిగా చూపించదు. కానీ మిగతా చోట్లకన్నా ఒకచోట బాగా తక్కువ చూపిస్తే అక్కడ ఇదివరకే ఎవరో గట్టిగా అరగదీశారని, బాగా ఎక్కువ చూపిస్తే రీపెయింట్ అయిందని అర్థం. మామూలుగా దొరికే మీటర్లు ప్లాస్టిక్ బంపర్ మీద పనిచేయవు. షాపులో మీటర్ లేకపోతే పోయిందేమీ లేదు, కానీ "ఆ, అవన్నీ ఎందుకు సార్" అని నవ్వేసే షాపును మాత్రం నేనైతే నమ్మను.

షాపులో

ముందు కడగడం. మెషిన్ పెట్టేముందు బండి మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది ప్యాడ్ కింద చేరి కొత్త గీతలు గీస్తుంది. కడిగాక చేత్తో తడిమితే గరుగ్గా తగిలేవాటిని క్లే బార్ అనే బంకమట్టి లాంటి ముద్దతో తీస్తారు. తిరుమల ఘాట్‌లో బ్రేకులు తొక్కుతూ దిగే బండ్లకు చక్రాల చుట్టూ, వెనకవైపు ఇనుప రజను అంటుకుని ఎర్రటి చుక్కల్లా తేలుతుంది. అలాంటప్పుడు ఐరన్ రిమూవర్ కూడా కావాలి. క్లే ముద్ద కింద పడితే దులిపి మళ్లీ వాడకూడదు, పారేయాలి. ఈ ఒక్కటీ చూస్తే చాలు, ఆ షాపు పద్ధతి మీకు తెలిసిపోతుంది.

తర్వాత అసలు పని. "అన్నా, ముందు ఒక అడుగు చోట కొట్టి చూపించు, చూసి మిగతాది చేద్దాం" అని అడగండి. మెత్తటి ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో మొదలుపెట్టాలి. దాంతో పోకపోతేనే ఒక మెట్టు గరుకు పెంచాలి. చాలాచోట్ల దీన్ని తలకిందులుగా చేస్తారు, గరుకుతో మొదలుపెడితే పని తొందరగా తెములుతుంది కదా. అక్కడే పొర అనవసరంగా పోతుంది.

మెషిన్లు రెండు రకాలు. ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ చురుగ్గా కోస్తుంది, చురుగ్గానే వేడెక్కిస్తుంది. ఒకచోట క్షణం ఎక్కువ ఆగినా పెయింటు కాలిపోతుంది. పైగా చేయి తిరగనివాడు దాంతో కొడితే ఎండలో వేరే రకం గీతలు, వంపులు తిరిగిన నీడల్లాంటివి, కనిపిస్తాయి. డీఏ (డ్యూయల్ యాక్షన్) అనే మెషిన్ తిరుగుతూనే అటూఇటూ ఊగుతుంది, వేడి తక్కువ, ప్రమాదం తక్కువ. ఇంట్లో సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు డీఏ తప్ప రోటరీ ముట్టుకోవద్దు.

అన్నిటికన్నా జాగ్రత్త అంచుల దగ్గర. బానెట్ మధ్యలో ఎత్తుగా ఉండే గీత, డోర్ల అంచులు, బాడీ లైన్లు, ఇక్కడ పెయింటు సహజంగానే పలచగా ఉంటుంది, ప్యాడ్ ఒత్తిడి అంతా ఆ సన్నటి చోటే పడుతుంది. ముందే మాస్కింగ్ టేప్ అంటించాలి. రబ్బరు బీడింగుల మీద, నల్ల ప్లాస్టిక్ మీద కూడా టేప్ తప్పదు, లేకపోతే కాంపౌండ్ ఎండి తెల్లగా మిగిలిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ వేడిని తొందరగా వదలదు, అక్కడ ఒత్తిడి తగ్గించి కొట్టమనండి.

ఎండలో నిలబెట్టి పాలిష్ కొట్టే షాపు నుంచి బండి వెనక్కి తెచ్చేయండి. ఎండకు కాలిన బానెట్ మీద చేయి పెట్టలేం, దాని మీద మెషిన్ వేడి తోడైతే పాలిష్ ప్యాడ్ కిందే ఎండిపోయి గీతలు పెడుతుంది. షెడ్‌లోకి తోసి, చేయి పెట్టి హాయిగా ఉంచగలిగేంత చల్లబడ్డాకే మొదలుపెట్టాలి.

ఇంట్లో చేసుకునేవాళ్లకు రెండు ముక్కలు. రెండడుగుల చదరం మించి ఒకేసారి తీసుకోవద్దు. మెషిన్‌ను ప్యాడ్ బండికి ఆనించాకే స్టార్ట్ చేయండి, గాల్లో తిప్పితే పాలిష్ గోడల నిండా చిమ్ముతుంది. చేయి నిదానంగా జరపాలి, మెషిన్ బరువే చాలు, పైనుంచి నొక్కనక్కర్లేదు. ప్రతి చదరం తర్వాత ప్యాడ్‌ను బ్రష్‌తో శుభ్రం చేయండి. ప్యాడ్ కింద పడిందంటే ఉతికేదాకా దాన్ని వాడొద్దు. వైరు భుజం మీదుగా వేసుకోండి, బండి కడిగిన తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టొద్దు. లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేసుకుని ఈ పనికి దిగొద్దు, తిరిగే ప్యాడ్‌కు చిక్కుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముక్కుకు మాస్క్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, కిరోసిన్ చిట్కాలు ఎవరు చెప్పినా వినొద్దు. టూత్‌పేస్ట్ లెక్కాపత్రం లేకుండా గీకుతుంది, మిగతా రెండూ గీతల్ని ఒకటి రెండు వాష్‌ల దాకా దాస్తాయి, అంతే.

దాచడం అంటే గుర్తొచ్చింది. కొన్ని షాపుల్లో గీతలు తీయకుండా గ్లేజ్ అనే నూనెలాంటి పదార్థంతో నింపేస్తారు. డెలివరీ రోజు బ్రహ్మాండంగా ఉంటుంది, నాలుగు వాష్‌ల తర్వాత గీతలు ఎక్కడివక్కడ తేలతాయి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకచోట తుడిపించి, ఆ తర్వాత టార్చ్ వేసి చూడండి. నూనె పోయాక కూడా గీతలు లేకపోతే పని జరిగినట్టు. తిరిగొస్తే డబ్బులు ఇచ్చేముందే మాట్లాడుకోండి. ఆ ఆల్కహాల్ నిప్పంటుకునే రకం, దగ్గర్లో ఎవరూ బీడీ, సిగరెట్ వెలిగించకుండా చూడండి.

పాలిష్ అయిన పెయింటును వట్టిగా వదిలేయకూడదు. వ్యాక్స్, సీలెంట్, సిరామిక్, మీ బడ్జెట్‌ను బట్టి ఏదో ఒకటి అదే రోజు వేయించండి. సిరామిక్ అయితే షాపతను చెప్పినన్ని రోజులు నీళ్లు తగలనీయొద్దు. తర్వాత కడిగేటప్పుడు బట్టల సబ్బు, గిన్నెల సబ్బు వద్దు, కారు షాంపూ వాడండి. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డ జాడించడానికి ఇంకో బకెట్. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో కడిగి అలా వదిలేస్తే చుక్కలు తెల్లగా గట్టిపడి పెయింటును తింటాయి, మళ్లీ వాటికోసం పాలిష్. నీడలో కడిగి, మెత్తటి మైక్రోఫైబర్ తువ్వాలు ఒత్తి నీళ్లు పీల్చండి, రుద్దొద్దు.

ఇక పూజ. కాణిపాకంలో వాహన పూజ చేయించినా, ఇంటి ముందే ఆయుధ పూజ చేసుకున్నా, కొత్తగా పాలిష్ కొట్టిన బానెట్ మీద తడి కుంకుమ, పసుపు పూయొద్దు, ముఖ్యంగా తెల్ల కార్లకు మరక పట్టుకుంటుంది. "స్వామీ, బొట్టు అద్దం మీద, నంబర్ ప్లేట్ మీద పెట్టండి" అని అడిగితే ఎవరూ కాదనరు. పూలమాలను ఇనుప తీగతో కట్టించకుండా దారంతో కట్టించండి. హారతి పళ్లెం, కర్పూరం వెలిగించిన నిమ్మకాయ బానెట్ మీద పెట్టనీయొద్దు. కుంకుమ ఎలాగూ కొంత రాలుతుంది. దాన్ని గుడ్డతో దులపకుండా ముందు నీళ్లు ధారగా పోసి కొట్టుకుపోనిచ్చి, ఆ తర్వాతే షాంపూ గుడ్డ పెట్టండి.