కరెంటు పోయి వచ్చాక హోం సర్వర్ లేవకపోతే

మా ఇంట్లో టీవీ కింది అరలో ఒక పాత లాప్‌టాప్ మూత వేసి ఉంటుంది. ఇంట్లోవాళ్ల ఫొటోలూ పాటలూ దాచిపెట్టే మా హోం సర్వర్ అదే. అందులో డెబియన్ 12 అనే లైనక్స్ నడుస్తోంది. సిస్టమ్ అంతా లోపలి 120 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఉంది. ఫొటోలు, పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పాటలు మాత్రం యూఎస్‌బీకి తగిలించిన 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఆ డిస్క్ 3.5 అంగుళాల పెద్ద రకం, దాని డబ్బాకి విడిగా అడాప్టర్ పెట్టాలి. సర్వర్ పడిపోయిందని నాకంటే ముందు న్యూజెర్సీలో ఉన్న అక్కకి తెలుస్తుంది. "ఒరేయ్, ఫొటోలు రావట్లేదు" అని ఫోన్ వచ్చిందంటే ఇక్కడ కరెంటు పోయి వచ్చిందన్నమాట.

మొదట్లో ప్రతిసారీ కొత్త రోగం అనుకునేవాణ్ణి. ఒకసారి బూట్ అవదు, ఇంకోసారి డిస్క్ నిండిపోయిందంటుంది, మరోసారి ఫోల్డర్ తెరవబోతే ఎర్రర్. తీరా చూస్తే అన్నిటికీ మూలం ఒకటే. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్, డిస్క్, రౌటర్ మూడూ ఒకేసారి ఆగవు, ఒకేసారి లేవవు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, డిస్క్‌కి లేదు. ఈ తేడా చుట్టూనే కింద రాసినదంతా తిరుగుతుంది.

కమాండ్ల గురించి ఒక మాట. పలికే తీరులోనే తెలుగులో రాశాను. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెప్తాను.

ముందు ఎక్కడ ఆగిందో చూడండి

ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని అడిగే కమాండ్) కొట్టండి. జవాబే రాకపోతే మూడు అవకాశాలు: మిషన్ ఆగిపోయి ఉండాలి, బూట్ మధ్యలో ఇరుక్కుని ఉండాలి, లేదా రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చి ఉండాలి. పింగ్ వస్తూ ఎస్ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటర్ నుంచి సర్వర్ లోపలికి వెళ్లే దారి) "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అంటే మిషన్ లేచింది, ఎస్ఎస్‌హెచ్ సర్వీసే లేవలేదు. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లగలిగి ఫొటోలు మాత్రం రాకపోతే గొడవ డిస్క్ దగ్గరే.

అడ్రస్ మారిందేమో తేల్చుకోవడం తేలిక. రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల పట్టిక ఉంటుంది, అందులో సర్వర్ పేరు వెతకండి. అదే పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టేస్తే అడ్రస్ మళ్లీ మారదు. మూత వేసిన లాప్‌టాప్ నిద్రపోతుంటే /ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్ ఫైల్లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్=ఇగ్నోర్ అని పెట్టి రీబూట్ చేయండి. ఆ సెట్టింగ్ పేరులో హెచ్, ఎల్, ఎస్ పెద్ద అక్షరాలు. ఈ రెండూ కాకపోతే లేచి టీవీ దగ్గరికి వెళ్లి మూత తెరవాల్సిందే.

సమస్య 1: తెర మీద నిమిషంన్నర లెక్క, తర్వాత ఎమర్జెన్సీ మోడ్

మూత తెరవగానే ఒక ఎర్ర నక్షత్రం అటూ ఇటూ కదులుతూ, పక్కన "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అనే వరుస కనబడుతుంది. దాని చివర సెకన్లు ఎక్కుతుంటాయి, 1 నిమిషం 30 సెకన్ల వరకు. అది అయ్యాక "యూ ఆర్ ఇన్ ఎమర్జెన్సీ మోడ్" అని వచ్చి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఎస్ఎస్‌డీ పోయిందనుకుని చాలా టెన్షన్ పడ్డాను. రీఇన్‌స్టాల్ చేయడానికి పెన్‌డ్రైవ్ కూడా సిద్ధం చేసుకున్నాను. ఆ పని మాత్రం చేయకండి, సిస్టమ్ బాగానే ఉంటుంది.

కారణం ఏమిటంటే, ఏ డిస్క్‌ని ఏ ఫోల్డర్ దగ్గర తగిలించాలో /ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఉంటుంది. అక్కడ రాసిన డిస్క్ కనబడకపోతే, అది తప్పనిసరి కాబోలని సిస్టమ్‌డీ (బూట్‌ని నడిపించే ప్రోగ్రాం) 90 సెకన్లు కాచుకుని, చివరికి బూట్ ఆపేస్తుంది. పాటల డిస్క్ లేకపోతే లైనక్స్‌కి వచ్చిన నష్టమేమీ లేదు. కానీ ఆ సంగతి మనం చెప్తేగా దానికి తెలిసేది.

ఇంతకీ డిస్క్ ఎందుకు కనబడలేదు? డబ్బా వెనక ఉన్న బటన్ వల్ల. పాత డబ్బాలకి అటూ ఇటూ పడే స్విచ్ ఉండేది, కరెంటు వస్తే దానంతట అదే ఆన్ అయ్యేది. నాది నొక్కి వదిలే రకం. కరెంటు పోతే ఆఫ్, తిరిగొచ్చినా ఆఫే. ఎవరో ఒకరు వచ్చి నొక్కాలి. డబ్బా కొనేటప్పుడు టీబీలూ స్పీడూ చూశాను గానీ బటన్ ఎవరు చూస్తారు?

అప్పటికి గండం గడవాలంటే డబ్బా లైటు వెలుగుతోందో లేదో చూసి, బటన్ నొక్కి, డిస్క్ తిరిగే చప్పుడు వినబడ్డాక కంట్రోల్, డి కలిపి కొట్టండి. మామూలుగా బూట్ అవుతుంది. శాశ్వతంగా సరిచేయాలంటే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ వరుసని ఇలా మార్చండి (యూయూఐడీ అంటే డిస్క్‌కి ఉండే సొంత నంబరు, నాలుగూ పెద్ద అక్షరాలు, కామాల పక్కన ఖాళీ ఉండకూడదు):

యూయూఐడీ=మీ‑డిస్క్‑నంబరు /డేటా ఈఎక్స్‌టీ4 డీఫాల్ట్స్,నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=30 0 2

/డేటా అనేది డిస్క్‌ని తగిలించే ఫోల్డర్. నోఫెయిల్ అంటే ఈ డిస్క్ లేకపోయినా బూట్ ఆపొద్దని. టైమౌట్ అంటే 90కి బదులు 30 సెకన్లే కాచుకోమని. చాలామంది 5 పెడతారు. పెద్ద డిస్క్ తిరగడం మొదలుపెట్టి స్థిరపడటానికే ఒక్కోసారి 10 సెకన్లు దాటుతుంది కాబట్టి అంత తక్కువ పెట్టొద్దు. డిస్క్ నంబరు కోసం ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ కొట్టండి. ఎస్‌డీబీ1 లాంటి పేరు మాత్రం ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో రాయకండి. అది ఎలా మారుతుందో మూడో సమస్యలో చూస్తారు. సేవ్ చేశాక ఈ రెండూ కొట్టి (సుడో అంటే రూట్ అధికారంతో నడపమని), తప్పు లేదని తేలాకే రీబూట్ చేయండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్
సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై

డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసినవాళ్లకి ఒక చిక్కు ఉంది. ఎమర్జెన్సీ మోడ్‌లో "రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్" అంటుంది, లోపలికి రానివ్వదు. అప్పుడు రీబూట్ చేసి, బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలో ఇ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చి కంట్రోల్, ఎక్స్ కొట్టండి. పాస్‌వర్డ్ అడగకుండా ప్రాంప్ట్ వస్తుంది. మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యు / కొడితే ఫైళ్లు మార్చుకునే వీలు దొరుకుతుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్ సరిచేసి, సింక్ కొట్టి, రీబూట్ -ఎఫ్ కొట్టండి.

సమస్య 2: బూట్ అయింది, కానీ ఎస్ఎస్‌డీ నిండిపోయింది

ఇది పై మందు తాలూకు సైడ్ ఎఫెక్ట్. నోఫెయిల్ పెట్టి నేనేదో సాధించాననుకున్న వారానికే జరిగింది. ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి వెళ్లి ఫైల్ పేరు సగం కొట్టి ట్యాబ్ నొక్కితే, పేరు పూర్తవడానికి బదులు "కెనాట్ క్రియేట్ టెంప్ ఫైల్ ఫర్ హియర్-డాక్యుమెంట్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని వచ్చింది. ట్యాబ్‌కి కూడా డిస్క్‌లో కాస్త చోటు కావాలని ఆ రోజే తెలిసింది.

డిస్కుల్లో ఖాళీ ఎంతుందో చూపే డీఎఫ్ -హెచ్ కొడితే ఎస్ఎస్‌డీ మీదున్న రూట్ ఫోల్డర్ (/) 100 శాతం నిండింది. ఎవరు తిన్నారో చూద్దామని ఇది కొట్టాను:

సుడో డీయూ -ఎక్స్‌హెచ్ --మ్యాక్స్-డెప్త్=1 /

అన్నీ కలిపితే 20 జీబీ కూడా లేదు. మిగతా దాదాపు 90 జీబీ ఏ ఫోల్డర్‌లోనూ కనబడలేదు.

జరిగింది ఇది. కరెంటు వచ్చింది, లాప్‌టాప్ లేచింది, డబ్బా బటన్ ఎవరూ నొక్కలేదు. డిస్క్ తగలకపోయినా /డేటా అనే ఖాళీ ఫోల్డర్ ఎస్ఎస్‌డీ మీద ఉంటుంది కదా. సర్వర్‌లో నడిచే ఫొటోల యాప్ దాన్నే డిస్క్ అనుకుంది. ఫోన్లలోని ఫొటోలేవీ సర్వర్‌లో లేవనుకుని రాత్రంతా అన్నీ మళ్లీ అందులోకి ఎక్కించుకుంది. పొద్దున్న నేను బటన్ నొక్కి డిస్క్ మౌంట్ చేశాను, అంటే /డేటాకి తగిలించాను. అసలు డిస్క్ వచ్చి ఆ ఫోల్డర్ మీద కూర్చుంది, కింద ఉన్నవి కనబడకుండా పోయాయి. గుమ్మం ముందు ముగ్గు మీద చాప పరిచినట్టు.

చాప ఎత్తకుండానే కింద ఏముందో చూడొచ్చు:

సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ
సుడో డీయూ -ఎస్‌హెచ్ /ఎంఎన్‌టీ/డేటా

/ఎంఎన్‌టీ/డేటాలో కనబడేవి ఎస్ఎస్‌డీ మీద చేరినవి, మామూలు /డేటాలో ఉన్నవి అసలు డిస్క్‌వి. తొందరపడి ఒకదాని మీద ఒకటి కాపీ చేయకండి. ఫొటోల యాప్ ఆ రాత్రి కొత్తగా ఖాళీ డేటాబేస్ ఒకటి తయారుచేసుకుని ఉంటుంది, అది వెళ్లి పాతదాని మీద పడితే ఆల్బమ్‌లన్నీ పోతాయి. ముందు ఆ యాప్ సర్వీస్ ఆపండి. అసలు డిస్క్‌లో లేని కొత్త ఫొటోలుంటే వాటినే తీసి విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. మిగతాది /ఎంఎన్‌టీ/డేటా నుంచి తుడిచేయండి. తుడిచే కమాండ్ కొట్టేముందు దారిలో ఎంఎన్‌టీ ఉందో లేదో రెండుసార్లు చదవండి.

మళ్లీ జరగకుండా రెండు కట్టుబాట్లు. మొదటిది, డిస్క్ లేకుండా సర్వీస్ లేవకూడదు. సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అని, పక్కన ఆ సర్వీస్ పేరు కొట్టి ఇది చేర్చండి:

[యూనిట్]
రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=/డేటా

యూనిట్‌లో మొదటి అక్షరం పెద్దది. రెండో వరుస మధ్యలో ఖాళీలుండవు, మూడు మాటల్లోనూ మొదటి అక్షరం పెద్దది. యాప్‌లని డాకర్‌లో (కంటెయినర్లనే విడివిడి పెట్టెల్లో) నడిపేవాళ్లు డాకర్ సర్వీస్‌కే పెట్టేయొచ్చు. అప్పుడు డిస్క్ రాకపోతే కంటెయినర్లేవీ లేవవు. ఇంట్లో వాడకానికి నాకదే నయం అనిపించింది.

రెండోది, డిస్క్ అన్‌మౌంట్ చేసి ఉన్నప్పుడు ఆ ఖాళీ ఫోల్డర్‌కి తాళం వేయడం:

సుడో చాటర్ +ఐ /డేటా

చాటర్‌లో సీహెచ్ తర్వాత ఏ, రెండు టీలు, ఆర్. ఇక రూట్ కూడా అందులో రాయలేడు. డిస్క్ మౌంట్ అవడానికి ఇది అడ్డు రాదు.

డీఎఫ్‌కీ డీయూకీ లెక్క కుదరకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తుడిచేసిన లాగ్ ఫైల్‌ని ఏదో ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకుని ఉండొచ్చు. సుడో ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 (ఎల్ పెద్దది) కొడితే దొరుకుతుంది. ఆ సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది.

సమస్య 3: సర్వర్ ఆగలేదు, ఫోల్డర్ తెరిస్తే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్

కరెంటు పది నిమిషాలే పోతే ఇలా అవుతుంది. బ్యాటరీ ఉండబట్టి లాప్‌టాప్ ఆగదు, డిస్క్ మాత్రం ఆగి లేస్తుంది. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి చూస్తే నిన్న ఎస్‌డీబీగా ఉన్నది ఈరోజు ఎస్‌డీసీ అయి ఉంటుంది. పాత పేరుని పాత మౌంట్ ఇంకా పట్టుకుని ఉంది కాబట్టి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) కొత్త అక్షరం ఇచ్చింది. /డేటా ఇప్పుడు లేని డిస్క్‌ని చూస్తోంది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ చివర ఈఎక్స్‌టీ4 (డిస్క్ ఫార్మాట్ పేరు) ఎర్రర్లు వరుసగా ఉంటాయి (కమాండ్ పేరులో డీ, ఎం, ఈ, ఎస్, జీ మాత్రమే).

డిస్క్ వాడే సర్వీసులన్నీ ఆపి, సుడో అన్‌మౌంట్ /డేటా కొట్టండి. పలకడం అన్‌మౌంట్ అనే గానీ రాసేటప్పుడు యు తర్వాత ఎన్ ఉండదు, కొత్తవాళ్లందరూ ఇక్కడ తడబడతారు. "టార్గెట్ ఈజ్ బిజీ" అంటే సుడో ఫ్యూజర్ -వీఎం /డేటా కొట్టి ఎవరు పట్టుకున్నారో చూసి వాళ్లనీ ఆపండి. అప్పటికీ వదలకపోతే అన్‌మౌంట్ కమాండ్‌కి -ఎల్ చేర్చండి. తర్వాత కొత్త పేరు మీద చెక్ చేసి మౌంట్ చేయండి:

సుడో ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీసీ1
సుడో మౌంట్ /డేటా

మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద ఈ చెక్ నడపకూడదు. డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ అయితే "వాల్యూమ్ ఈజ్ డర్టీ" అంటుంది. విండోస్ మిషన్‌కి తగిలించి అక్కడ చెక్‌డిస్క్ నడపడమే మంచిది, బలవంతంగా మౌంట్ చేయకండి.

ఇదే తంతు కరెంటు పోకుండా కూడా జరుగుతుంటే స్మార్ట్ లెక్కలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి రాసుకునేవి) చూడండి: సుడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ /డెవ్/ఎస్‌డీసీ. 199వ వరుస అంకె పెరుగుతుంటే కేబుల్ని అనుమానించండి. 197వ వరుసలో సున్నా కాకుండా ఏదైనా ఉంటే మాత్రం రిపేర్లు మానేసి, ముందు ఫొటోలు ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.

అసలు కరెంటు సంగతి

ఇన్వర్టర్ ఉండి కూడా ఇదంతా ఎందుకు పడ్డానంటే, టీవీ దగ్గర ప్లగ్గుకి ఇన్వర్టర్ లైన్ లేదు. ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇచ్చారు. ఎలక్ట్రీషియన్ని పిలిచి ఒక ప్లగ్గు మార్పించాను. అయినా అప్పుడప్పుడూ డిస్క్ ఆగేది. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. ఫ్యాన్‌కి అది తెలియదు, డిస్క్‌కి తెలుస్తుంది. ఆ స్విచ్ యూపీఎస్ వైపు తిప్పాను.

రౌటర్ కోసం అమ్మే చిన్న 12 వోల్టుల యూపీఎస్ డిస్క్‌కి కూడా పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెద్ద డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. యూపీఎస్ మీద రాసిన అంకె అంతకంటే తక్కువైతే వద్దు. విడిగా అడాప్టర్ అక్కర్లేని 2.5 అంగుళాల డిస్క్‌కి మారడం ఇంకో దారి. అది లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది కాబట్టి మూడో సమస్య ఇక ఉండదు.

ఇవన్నీ చేశాక, అమ్మ సీరియల్ టైం కాకుండా చూసి, మెయిన్ ఒకసారి ఆపండి. అయిదు నిమిషాలాగి ఎల్ఎస్ /డేటా కొట్టి ఫొటోలు కనబడుతున్నాయేమో చూడండి. తర్వాత సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, డబ్బా బటన్ ఆఫ్ చేసి, లాప్‌టాప్ మాత్రం ఆన్ చేయండి. అది ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోకుండా లేవాలి, ఫొటోల యాప్ మాత్రం లేవకూడదు. రెండూ అలాగే జరిగితే బటన్ నొక్కి, సుడో మౌంట్ /డేటా కొట్టి, సర్వీస్ స్టార్ట్ చేసుకోండి.