టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ నడపడం, పేచీ పెట్టే ఆటగాళ్లతో నెగ్గుకురావడం ఎలా?

నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేసుకుంటూ కలిసి కథ నడుపుకునే ఆట ఇది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ప్రచారంలోకి వచ్చింది. కథాస్థలాన్ని వర్ణించడం, దారిలో ఎదురయ్యే మనుషులందరి తరఫున మాట్లాడడం, సందేహం వచ్చినప్పుడు తీర్పు చెప్పడం గేమ్ మాస్టర్ పని. ఈ ఆట మొదలుపెట్టాలనుకునే విశాఖ మిత్రులకు రూల్స్ నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. మనుషులను కలుపుకుపోవడమే కష్టం కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ముందుగా ఆడకుండా ఒకసారి కూర్చోండి

సామగ్రికి పెద్దగా ఖర్చు అక్కర్లేదు. 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు కావాలి, అవి దొరకకపోతే ఫోన్‌లో యాప్ చాలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి దానిని ఉచితంగానే చదువుకోవచ్చు. మొదటిసారి నడిపేవారికి నలుగురు ఆటగాళ్లు, మూడు గంటల సమయం సరిపోతాయి.

తరువాత జరిగే గొడవల్లో చాలావాటిని ఈ మొదటి సమావేశంలోనే నివారించవచ్చు. ఎప్పుడు కలవాలో ముందు తేల్చుకోండి. స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవారు ఒకరున్నా ‘ప్రతి ఆదివారం’ అనే మాట నిలవదు. గాజువాక నుంచి ఒకరు, మధురవాడ నుంచి ఒకరు రావలసి ఉంటే మద్దిలపాలెం దగ్గర ఎవరిదైనా ఇల్లు చూసుకోవడం మంచిది. ఆ తరువాత కథలో ఏవి ఉండకూడదో అడగండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ రాత్రిని పైకప్పు లేని ఇంట్లో గడిపిన మనిషికి తుపాను సన్నివేశం వినోదం కాకపోవచ్చు. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రతిపాదించిన ఎక్స్ కార్డు ఇక్కడ పనికొస్తుంది. ఎక్స్ గుర్తు వేసిన కార్డును బల్ల మధ్యలో ఉంచుతారు. ఎవరు దానిని తాకినా కారణం అడగకుండా ఆ సన్నివేశాన్ని వదిలేసి ముందుకు సాగుతారు.

కథను చిన్నదిగా, మనకు తెలిసిన చోట పెట్టండి

ఉదాహరణకు 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకలు విశాఖ రేవులో లంగరు వేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్‌పై దాడి చేశాయి. ఆ గొడవలో బార్నబీ అనే వర్తక నౌక ఒడ్డుకు కొట్టుకొచ్చి ధ్వంసమైంది. చరిత్ర ఇంతవరకే. ఆ ఓడలో ఒక పెట్టె ఉందని, దానిని చీకటి పడేలోగా తీసుకురావాలని మీరు కల్పించండి. ఒక జాలరి, ఒక దుబాసీ, ఒక సిపాయి, ఒక వైద్యురాలు ఆటగాళ్ల పాత్రలు. ఒక సాయంత్రానికి ఇంతకన్నా అక్కర్లేదు. పది పేజీల చరిత్ర రాసుకొచ్చి చదివి వినిపించే గేమ్ మాస్టర్లున్నారు, వారి బల్ల దగ్గర ఆవులింతలు తప్ప మరేమీ వినిపించవు.

జాలరి అలల్లో ఈది ఓడను చేరతానంటే, ఆ పని ఎంత కష్టమో ముందే అంకె చెప్పండి. సులభమైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20. ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర సామర్థ్యానికి రాసుకున్న అంకెను కలిపితే మొత్తం ఆ కష్టం అంకెకు చేరాలి. చేరకపోతే కథ ఆగిపోకూడదు. జాలరి ఓడ ఎక్కాడు కానీ తాడు పోయింది అనండి.

పేచీలు వచ్చినప్పుడు

రూల్స్ మీద వాదించేవారితో అక్కడికక్కడ వాదనకు దిగవద్దు.

“గురూ, రూల్ అలా లేదు.”

“ఉండకపోవచ్చు. ఇప్పటికి ఇలా కానిద్దాం, ఆటయ్యాక చూద్దాం. నాదే తప్పయితే వచ్చేసారి నుంచి మార్చేద్దాం.”

ఈ మాట నిలబెట్టుకుని, ఆట ముగిశాక నిజంగానే పుస్తకం తెరిస్తే, వాదించే మనిషే మీకు రూల్స్ వెతికిపెట్టే సహాయకుడవుతాడు.

అన్నిటికీ తానే ముందుండే ఆటగాడి సమస్య వేరు. పోరాటంలో ఎవరి వంతు ఎప్పుడో పాచికలే నిర్ణయిస్తాయి. మాటల సన్నివేశాల్లో వంతులు ఉండవు కాబట్టి గొంతున్నవాడిదే రాజ్యం. అక్కడ కూడా వరసగా తిరగండి. మౌనంగా ఉన్నవారిని “నువ్వేం చేస్తావు?” అని వదిలేస్తే ఇంకా బిగుసుకుపోతారు. “గాయపడిన నావికుడు నీ చెయ్యి పట్టుకున్నాడు. కట్టు కడతావా, ముందు పెట్టె గురించి అడుగుతావా?” అని రెండు దారులు చూపండి. అయినా మాట్లాడకపోతే బలవంతపెట్టవద్దు, వింటూ కూర్చోవడమే కొందరికి ఆనందం.

అన్నిటికన్నా చికాకు పెట్టేది “నా పాత్ర స్వభావమే అంత” అనే సమాధానం. పెట్టె దొరికిన వెంటనే దుబాసీ దానిని తోటివారికి తెలియకుండా కాజేస్తానంటాడు. ఇక్కడ చాలామంది గేమ్ మాస్టర్లు కథలోనే శిక్ష వేయాలని చూస్తారు. కోట సైనికులు పట్టుకుంటారు, పాత్ర చస్తుంది, ఆటగాడు మరింత మొండిపాత్రతో తిరిగి వస్తాడు. మనిషితో వచ్చిన చిక్కును పాచికలతో తీర్చలేము. ఆట ఆపి సూటిగా అడగండి: “ఇలాంటి దుబాసీని మిగతా ముగ్గురూ వెంట ఎందుకు తిప్పుకుంటారు? ఆ కారణం నువ్వే చెప్పు.” ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే తప్ప ఒకరి పాత్ర మీద మరొకరు పాచిక వేయకూడదన్న నియమం కూడా పెట్టుకోవచ్చు.

అదే తీరు మళ్లీ కనబడితే విడిగా మాట్లాడాలి. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ కాదు. బీచ్ రోడ్డులో నడుస్తూనో, టీ తాగుతూనో ఇద్దరే ఉన్నప్పుడు, చూసిన సంగతినే చెప్పండి: “నిన్న ఆవిడ మాట్లాడుతుంటే ప్రతిసారీ మధ్యలో అందుకున్నావు గురూ. ఈసారి ఆవిడ మాట పూర్తయ్యేదాకా ఆగు.” ఆ తరువాత అతని కారణం కూడా వినండి. కత్తియుద్ధాల కోసం వచ్చినవాడికి వరసగా బేరసారాల సన్నివేశాలే పెడుతూ ఉంటే అల్లరి పుట్టడం సహజం, అలాంటప్పుడు కథనే కొంచెం మార్చాలి.

ఆలస్యంగా వచ్చేవారి కోసం ఆట ఆపకండి. ఫోన్ చూసుకునేవారికి వారి వంతు దగ్గరపడిందని ముందే చెబితే చాలు.

ఒక ఆటగాడు మరొకరిని కించపరిచినా, ఆడవాళ్ల పాత్రల పేరు చెప్పి వెకిలి మాటలాడినా ఈ ఓపిక పనికిరాదు. ఆ క్షణమే ఆట ఆపి, ఇక్కడ అది కుదరదని చెప్పాలి. మళ్లీ జరిగితే బృందం నుంచి తప్పించాలి. ఆ సంగతి అతనికి ఒంటరిగా, సాకులు కల్పించకుండా చెప్పి, మిగతావారికి ఒక్క వాక్యంలో తెలియజేయండి. అతని పాత్రను ఏదో ఒక పని మీద భీమిలి పంపేసి కథ కొనసాగించవచ్చు. ముగ్గురే మిగిలితే శత్రువుల సంఖ్య తగ్గించుకుంటే సరి, ఖాళీ నింపడానికి ఎవరో ఒకరిని తొందరపడి పిలవనక్కర్లేదు.