దగ్గర దగ్గరగా నాటే మామిడి: మొక్కల కన్నా ముందు కత్తెర కొనండి

ఎకరాకు 674 మొక్కలు అనగానే చాలామంది 674 చెట్ల కాయలే లెక్కేసుకుంటారు, 674 చెట్లకు ఏటా కత్తిరింపులు చెయ్యాలన్న లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. పాత పద్ధతిలో 10 మీటర్ల ఎడంలో ఎకరాకు 40 చెట్లు. 5×5 మీటర్లయితే 160, 4×2 అయితే 500 పైచిలుకు, 3×2 అయితే ఆ 674. మొదటిసారి వేసేవాళ్లకు నేను 5×5 లేదా 4×3 చాలంటాను, ముఖ్యంగా బంగినపల్లి లాంటి బాగా ఏపుగా పెరిగే రకానికి. ఆమ్రపాలి సంగతి వేరు. దశేరి, నీలం కలిపి ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారు చేసిన పొట్టి రకం అది, 2.5 మీటర్ల ఎడంలో కూడా ఇమిడిపోతుంది.

సాళ్లు ఉత్తరం దక్షిణంగా వెయ్యండి, రెండు వైపులా ఎండ పడుతుంది. డ్రిప్ తప్పనిసరి. గుంతలు, పశువుల ఎరువు, అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోకుండా నాటడం మీకు తెలిసినవే.

ఇక అసలు పని. మొక్క నిలదొక్కుకుని మోకాలు దాటి పెరిగాక 60-70 సెంటీమీటర్ల ఎత్తులో తల తీసెయ్యాలి. నాకైతే మొదటి ఏడు మనసొప్పలేదు, బాగా పెరుగుతున్న దాన్ని ఎందుకు నరకడమని సగం మొక్కలు వదిలేశాను, అవి ఈ రోజుకీ వెదురు గడల్లా పైకే పోతున్నాయి. కోశాక వచ్చే చిగుళ్లలో మూడు నాలుగే ఉంచండి, అవీ ఒకే చోట నుంచి కాకుండా కాస్త కిందా పైనా, తలో దిక్కుకు పోయేవి. ఆ కొమ్మల ఆకులు ముదిరి ముదురాకుపచ్చగా మారాక మళ్లీ కొయ్యాలి. ఇక్కడొక చిన్న కిటుకు ఉంది. మామిడి కొమ్మ మీద అక్కడక్కడా మొగ్గలు గుత్తిగా ఉండే కణుపు ఉంగరంలా కనిపిస్తుంది. దానికి పైన కోస్తే చీపురు కట్టలా పది చిగుళ్లు లేస్తాయి, కొంచెం కింద కోస్తే రెండు మూడు బలమైనవి, ఎడం ఎడంగా వస్తాయి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే గొడుగులాంటి పొట్టి చెట్టు తయారవుతుంది. మొదటి రెండేళ్లు పూత వస్తే తుంచెయ్యండి, ఆశపడొద్దు.

కాపు మొదలయ్యాక కత్తిరింపులకు టైమ్ ఒక్కటే: కాయల కోత అయిన వెంటనే, జూన్‌లో, లేదంటే జూలై మొదట్లో. మామిడి పూత కొమ్మ చివర వస్తుంది, ఆ కొమ్మ కొన్ని నెలలు ముదిరి ఉండాలి. ఆగస్టు, సెప్టెంబరులో కత్తెర పట్టారంటే డిసెంబరుకు మీకు లేత ఆకులే తప్ప పూత ఉండదు. నడిమి కొమ్మ ఒకటి తీసేసి చెట్టు మధ్యలోకి ఎండ దిగేలా చూడండి, కాయ రంగు తేలేదీ బూడిద తెగులు, తేనెమంచు పురుగు తగ్గేదీ ఆ ఎండ, గాలి వల్లే. కోసిన పెద్ద గాట్లకు బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పుయ్యండి. పూతకు రెండు నెలల ముందు నీళ్లు ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టండి.

చెట్టు ఎదుగుదలను తగ్గించే పాక్లోబ్యుట్రజాల్ మందు గురించి అందరూ అడుగుతారు. పూత తెప్పిస్తుంది, నిజమే. కానీ మట్టిలో చాలాకాలం ఉండిపోతుంది, మోతాదు మించితే పూత గెలలు కురచబారి ముద్దకడతాయి. కత్తిరింపులు సరిగ్గా చేసుకునే తోటకు దాని అవసరం చాలా తక్కువ అని నా అభిప్రాయం. నీరసంగా ఉన్న చెట్లకు మాత్రం అసలు వెయ్యొద్దు.

చెట్టు పొట్టిగా ఉంటే దొరికే అసలు లాభం ఎగుమతి కాయలో కనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి కాయా చేతికి అందుతుంది. గెలకు ఒకటి, మహా అయితే రెండు కాయలు ఉంచండి. ఎండిపోయిన పూత పుల్లలు గాలికి కాయకు రాసుకుని గీతలు పెడతాయి, వాటిని చేత్తో విరిచెయ్యండి, బయ్యర్ కాయ పక్కన పడేసేది ఎక్కువగా ఆ గీతలు చూసే. కాయ కోడిగుడ్డంత అయ్యాక ఒకసారి మందు కొట్టి, బాగా ఆరాక కాగితం కవర్లు తొడగండి. మచ్చ తెగులు, పండు ఈగ రెండూ తగ్గుతాయి, తొక్క నున్నగా వస్తుంది. మగ పండు ఈగలను వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎరలు కూడా కట్టండి, రాలిన కాయలు ఏ రోజువి ఆ రోజు ఏరి పూడ్చెయ్యండి. పండు ఈగను తేలిగ్గా తీసుకోవద్దు, 2014 మేలో యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది దీని వల్లే, మళ్లీ తలుపు తెరిచింది 2015లో.

కోతకు కాయ భుజాలు తొడిమ కన్నా పైకి లేచి ఉండాలి. అనుమానం ఉంటే నాలుగు కాయలు బకెట్ నీళ్లలో వెయ్యండి, మునిగేవి ముదిరినట్టు. ఎండెక్కకముందే, అరచెయ్యి వెడల్పు తొడిమ ఉంచి కత్తెరతో కోసి, నేల తగలకుండా క్రేట్‌లో పెట్టండి. తర్వాత నీడలో కాయను తలకిందులుగా పట్టుకుని తొడిమను ఒక సెంటీమీటరుకు కత్తిరించండి. సొన పిచికారీలా చిమ్ముతుంది, కాయ మీద చుక్క పడకూడదు, పడితే ఇవాళ ఏమీ కనిపించదు, రెండు రోజులకు నల్లగా కాలిన చార తేలుతుంది. అలాగే బోర్లించి జాలీ మీద రెండు గంటలు సొన కారనివ్వండి. కోల్డ్ రూమ్ అయితే 12-13 డిగ్రీలు, అంతకన్నా తగ్గిస్తే కాయ దెబ్బతిని సరిగ్గా పండదు.

కాయ ఏ దేశం వెళ్తుందో ముందే తేల్చుకోండి. కాయలో పురుగు లేకుండా చెయ్యడానికి అమెరికాకు కనీసం 400 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్, జపాన్‌కు ఆవిరి వేడి, యూరప్‌కు వేడినీళ్ల శుద్ధి, ఒక్కోచోట ఒక్కో రూలు. తోటను సీజన్‌కు నెలల ముందే అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి ఆన్‌లైన్ వ్యవస్థ హార్టినెట్‌లో ఉద్యానశాఖ ద్వారా రిజిస్టర్ చేయించాలి, ఏ మందు ఏ తేదీన కొట్టారో పుస్తకంలో రాసుకోవాలి. ఆ పుస్తకం కోత రోజు కూర్చుని రాస్తే తనిఖీకొచ్చినవాళ్లు ఇట్టే పట్టేస్తారు, అన్ని పేజీలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో, ఒక్క మట్టి మరక కూడా లేకుండా ఉంటాయి కదా.