జిప్సీలో ఫోర్-లో గేరు జారిపోతోందా? బాక్సు దించే ముందు ఇవి చూడండి

ఘాట్ ఎక్కుతూ ఎడమ మోకాలితో చిన్న లివరును నొక్కిపట్టే డ్రైవర్లను చూసే ఉంటారు. ఇంకొందరు పాత సైకిల్ ట్యూబు ముక్కతో దాన్ని సీటు కడ్డీకి కట్టేస్తారు. ఫోర్-లోలో, అంటే నాలుగు చక్రాలకూ తక్కువ వేగం, ఎక్కువ బలం ఇచ్చే స్థానంలో, వేసిన గేరు లోడు పడగానే టక్కున న్యూట్రల్‌కి వచ్చేస్తుంటే, చాలామంది చేసే వైద్యం ఇదే. బండి కదులుతుంది కానీ, లోపల షిఫ్ట్ ఫోర్క్ (స్లీవును అటూ ఇటూ జరిపే కొక్కెం) తిరిగే స్లీవుకు (గేర్లను కలిపే పళ్ల గొట్టం) ఒరుసుకుంటూ అరిగిపోతుంది. చిన్న స్ప్రింగుతో పోయేది బాక్సు విప్పేదాకా వస్తుంది.

ఇక్కడ చెప్పేది మారుతి జిప్సీ గురించి. 1985లో మన దేశంలోకి వచ్చిన ఈ బండి పోలీసు, మిలిటరీ, అడవుల శాఖల్లో ఏళ్ల తరబడి తిరిగింది, కాబట్టి పాత బండ్లు ఇప్పటికీ దొరుకుతాయి. దీని ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె, ఇక్కడ బాక్సు అంటున్నది దీన్నే) గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు. వెనకాల విడిగా, ఛాసిస్‌కు మూడు రబ్బరు మౌంటింగుల మీద వేలాడుతుంది. రెండింటినీ ఒక పొట్టి షాఫ్టు కలుపుతుంది. లివరు మాత్రం ట్రాన్స్‌ఫర్ కేస్ మీదే ఉండి, ఫ్లోరుకున్న రంధ్రంలోంచి పైకి వస్తుంది. సగం జబ్బులకు మూలం ఈ అమరికే.

ముందు ఒక హెచ్చరిక. ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే, మెయిన్ గేరు ఫస్టులో ఉన్నా బండి ఆగదు. కొన్ని పాత మోడళ్లలో హ్యాండ్ బ్రేకు కూడా ట్రాన్స్‌ఫర్ కేస్ వెనకే ఉంటుంది, కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మకండి. కింద దూరే ముందు చదును నేల మీద నిలిపి, నాలుగు చక్రాలకూ రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టండి. జాకీ ఒక్కదాని మీదే నిలబెట్టి దూరడం వద్దు.

1. ఎప్పుడు జారుతోందో పట్టుకోండి

మట్టి రోడ్డు మీద, జనం లేని చోట, చిన్న ఎత్తులో పరీక్షించండి. ఫోర్-లో నుంచి న్యూట్రల్‌కి వస్తే హై-లో మార్చే రాడ్డు వైపు అనుమానం. ఫోర్-హై (నాలుగు చక్రాలు, మామూలు వేగం) నుంచి టూ-హైకి (వెనక రెండు చక్రాలే) పడిపోతే ముందు చక్రాలను కలిపే రాడ్డు వైపు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడా, వదిలేసి దిగుతున్నప్పుడా అన్నది కూడా రాసుకోండి. ఒక్క సందర్భంలోనే జారితే మౌంటింగో, గేరు పళ్లో. రెండింట్లోనూ జారితే ముందు లివరు, స్ప్రింగులు చూడండి.

2. లివరు పూర్తిగా పడుతోందా?

బండి ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, లివరు చుట్టూ పైన ఉన్న రబ్బరు బూటు (తొడుగు) విప్పేయండి. ఇప్పుడు ఫోర్-లోలో వేసి చూడండి. లివరు ఫ్లోరు అంచుకు తగులుతోందా? గట్టిపడిన బూటు దాన్ని వెనక్కి లాగుతోందా? తర్వాత వేసిన కార్పెట్టో, సీటు పట్టాయో అడ్డం వస్తోందా? లివరు కింద బుష్ అరిగితే పైన ఎంత కదిపినా లోపల స్లీవు సగమే పడుతుంది, సగం పడిన గేరు ఎప్పుడూ నిలవదు. బూటు లేకుండా ఓసారి నడిపితే జారడం ఆగిందా, పని అయిపోయింది. నవ్వొస్తుంది కానీ, ఇలా బాగుపడిన బండ్లున్నాయి.

3. రబ్బరు మౌంటింగులు

నా బండికి బాక్సు మార్చాలని ఒకరు ఖరీదైన లెక్క చెప్పారు. నేనూ టెన్షన్ పడిపోయి సరేనన్నాను. దించేటప్పుడు తెలిసింది, ఒక మౌంటింగులో రబ్బరు, ఇనుము విడిపోయి ఉన్నాయి. లో గేరులో టార్కు ఎక్కువ. దానికి కేస్ మొత్తం మెలి తిరుగుతుంది, దాంతోపాటు లివరు కూడా ఒరుగుతుంది, ఫ్లోరుకు తగిలి గేరు ఊడుతుంది. లోపలి గేర్లు శుభ్రంగా ఉన్నాయి.

అందుకే ఇంజన్ ఆపి, కిందినుంచి గట్టి ఇనుప కడ్డీతో ఒక్కో మౌంటింగును మెల్లగా ఎత్తి చూడండి. పగులు విచ్చుకున్నా, రబ్బరు ఇనుము నుంచి ఊడినా, ఆయిల్ పడి మెత్తబడినా మార్చాల్సిందే. మూడూ ఒకేసారి మార్చండి. ఒక్కటే కొత్తదైతే భారమంతా దాని మీదే పడి త్వరగా పోతుంది. కేస్ కింద చెక్క పెట్టి జాకీతో ఆనించండి, ఒక్కో బోల్టు విప్పి ఒక్కో మౌంటింగు మార్చండి. మూడూ కూర్చున్నాక, బరువు వాటి మీద పడ్డాకే చివరగా బిగించండి. లివరు రంధ్రం మధ్యలో నిలబడిందో లేదో చూసుకోండి.

4. స్ప్రింగు, బాల్

షిఫ్ట్ రాడ్డుకు చిన్న గాడులుంటాయి. స్ప్రింగు ఒత్తిడితో ఒక స్టీలు గుండు ఆ గాడిలో కూర్చుని రాడ్డును పట్టి ఉంచుతుంది. స్ప్రింగు చచ్చుబడితే లివరు వేసినప్పుడు ఆ "టక్" అనేది చేతికి తెలియదు.

కేస్ మీద స్ప్రింగు ఉన్న ప్లగ్ చుట్టూ డీజిల్, బ్రష్షుతో బాగా తుడవండి. ఇసుక లోపల పడితే కొత్త జబ్బు. ప్లగ్ విప్పి, స్ప్రింగును తీసి, గుండును అయస్కాంతంతో పైకి లాగండి. రెండు రాడ్డుల సామాను విడివిడి డబ్బాల్లో పెట్టండి, కలపొద్దు. కొత్త స్ప్రింగు పక్కన పాతది నిలబెడితే పొట్టిదైందో లేదో కంటికే తెలుస్తుంది. గుండు మీద చదును మచ్చ ఉంటే అదీ మార్చండి.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వాషర్ వేసి స్ప్రింగును బిగించేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అడవిలోంచి ఇంటికి రావడానికి ఒక పలుచని వాషర్ పర్లేదు. అదే శాశ్వతం చేస్తే స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోయి గేరు వేయడమే కష్టమవుతుంది.

5. ఇంకా జారుతుంటే

ఇక లోపలే. ఆయిల్ దించేటప్పుడు ముందు పై నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూడండి. అది పట్టేసి ఉంటే, కిందది విప్పాక ఖాళీ కేసుతో మిగులుతారు. దిగిన ఆయిల్లో సన్నటి బూడిదలాంటి పొడి మామూలే. చేతికి గుచ్చుకునే ముక్కలుంటే పళ్లు విరిగినట్టు. షాఫ్టు ఫ్లాంజి పట్టుకుని పైకీ కిందకీ కదిపి చూడండి, ఆటాడితే బేరింగు పోయింది.

తర్వాతి పని మంచి మెకానిక్‌దే. విప్పినప్పుడు దగ్గరుండి రెండు చూడండి: ఫోర్క్ చివరలు అరిగాయా, స్లీవు పళ్ల అంచులు గుండ్రంగా, ఏటవాలుగా అయ్యాయా. ఏటవాలు పళ్లుంటే లోడు పడగానే అవే స్లీవును బయటికి తోస్తాయి, ఎంత గట్టి స్ప్రింగైనా ఆపలేదు. స్లీవు, దానితో కలిసే గేరు జతగా మార్చమనండి. పాతదాని మీద కొత్తది నిలవదు.

బిగించాక మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ పై రంధ్రం అంచుదాకా పోయండి, లీటరు కూడా పట్టదు. పూర్తిగా ఆపి ఫోర్-లోలో వేసి, అదే మట్టి ఎత్తు ఎక్కండి, బ్రేకు తొక్కకుండా దిగండి. తారు రోడ్డు మీద మాత్రం వద్దు, పొడి రోడ్డు మీద ముందు వెనక చక్రాల మధ్య బిగింపు పేరుకుని కొత్త పార్టుల్ని తినేస్తుంది. దిగుతున్నంతసేపూ చేయి స్టీరింగు మీదే ఉంచి, లివరును అస్సలు తాకకండి. రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వచ్చినా అది కదలకపోతే, ఆ సైకిల్ ట్యూబు ముక్కను విప్పేయొచ్చు.